బొమ్మ నుదుటి జిగురు

బజారునుండి పిల్లల కొఱకు కొనితెచ్చిన ప్లాస్టిక్కు బొమ్మ, ఒంటిమీద ఒక్క స్టిక్కరైనను లేకుండ ఇల్లు చేరుట ఈ కాలమున అపురూపమైన విషయము. వెల తెలుపు చీటీ యొకటి, ఎన్నేండ్ల పిల్లలకు తగునో తెలుపునది యొకటి, దుకాణపు యంత్రము చదువుకొనుటకు నల్లగీతలు గలది యొకటి, పండుగ తగ్గింపును చాటునది మఱియొకటి, ఇట్లు నాలుగైదు చీటీలు దానిని పట్టుకొని యుండును. వానిలో వెలచీటీని అంటించు మనిషి యెవరో గాని, బొమ్మకు వీపును అరికాలును గలవను సంగతి మఱచి, సరిగా నుదుటిమీదనో, కారు బొమ్మయైనచో ముందద్దముమీదనో అంటించుటయే తన వృత్తిధర్మమని నమ్మినట్లు కానవచ్చును. పిల్లవాడు దానిని గోటితో సగము చించును. మిగిలిన సగము ధూళి పట్టి నల్లబడును. సంక్రాంతికి బొమ్మలకొలువు తీర్చుటకై అటకమీది పెట్టె దించిన నాడు, ఆ నల్లని జిడ్డుమచ్చను చూచి ఇల్లాలు మొదట నీటిని, పిదప చాకును, ఆ పిదప కిరసనాయిలు సీసాను వెదకును. ఈ వరుసలో మొదటిది చాలదు, కడపటి రెండును బొమ్మను చెఱచును.

మన పెద్దలెఱిగిన జిగురులలో అనేకములు నీటికి లొంగునవే. తుమ్మబంకతో ఉత్తరముల కవర్లు అంటించిరి. మైదాపిండి ఉడికించిన లైతో సినిమా పోస్టర్లు గోడల కెక్కినవి, నేటికిని ఎక్కుచున్నవి. కొండపల్లిలో తెల్లపొణికి కఱ్ఱతో చెక్కిన అవయవములను చింతగింజల పిండియు ఱంపపుపొట్టును కలిపిన మక్కుతో అతుకుదురు. తుమ్మబంకయు మైదా లైయు తడిసిన కొలది నాని, ఉబ్బి, జారిపోవును. కావుననే ఏది అంటుకొన్నను నానవేయుట మన చేతులకు అభ్యాసమై పోయినది. స్టిక్కరు విషయమున ఆ యభ్యాసము సగమువఱకే పనికి వచ్చును. కాగితము నానును గాని జిగురు నానదు.

ఈ నానని జిగురు ఇంటింటికి వ్యాపించిన కథ అమెరికాలో కార్లకు రంగులు వేయు శాలలతో ముడివడి యున్నది. ఒకే బండికి రెండు రంగులు వేయు ఫ్యాషను బయలుదేఱిన దినములలో, ఒక రంగును కప్పి రెండవదానిని వేయుటకు పనివాండ్రు అంటించిన కాగితములు ఊడదీయునపుడు క్రొత్తరంగును గూడ పెఱికికొని వచ్చుచుండెను. సెయింట్ పాల్ నగరమునందలి త్రీ ఎమ్ సంస్థలో ఉద్యోగియైన రిచర్డ్ డ్రూ ఈ యవస్థను చూచి, రంగును గాయపఱపకుండ ఊడివచ్చు మాస్కింగు టేపును 1925లో రూపొందించెను. 1930లో ఆయనయే పారదర్శకమైన సెలోఫేను టేపును గూడ వెలువరించెను. వెనుకవైపు జిగురు పూసిన చీటీలను నునుపు కాగితముమీద వరుసగా పేర్చి అమ్ము పద్ధతిని 1935లో లాస్ ఏంజిలిస్ నగరమున ఆర్. స్టాంటన్ ఏవరీ ఆరంభించెను. బట్టలుతుకు యంత్రపు మోటారును, కుట్టుమిషను భాగములను కూర్చి యాతడు తన మొదటి యంత్రమును నిర్మించెననియు, అందులకు నూఱు డాలర్లను తరువాత తన భార్య యైన యువతియే అప్పిచ్చెననియు ప్రసిద్ధి. నాలుకతో తడుపక, వేడిచేయక, వ్రేలితో అదిమినంతనే పట్టు చీటీ వర్తకులకు వరమయ్యెను. దాని ఫలమును మనము బొమ్మల నుదుళ్ళమీద అనుభవించుచున్నాము.

ఈ జిగురు స్వభావము కొంత విచిత్రమైనది. అది పూర్తిగా ద్రవము కాదు, పూర్తిగా ఘనమును కాదు. ముదురుపాకమును గరిటెతో నెమ్మదిగా వంచినచో తీగలు సాగి జాఱును, గభాలున లాగినచో బిగిసి గరిటెనే పట్టుకొనును; ఈ జిగురు నడతయు నట్టిదే. వ్రేలితో అదిమినపుడు ద్రవమువలె ప్రవహించి, కంటికి నునుపుగా తోచు ప్లాస్టిక్కుమీది సూక్ష్మమైన మిట్టపల్లములలోనికి దిగును. ఊడబెఱికినపుడు ఘనమువలె ఎదిరించును. రబ్బరును, సరళవృక్షపు బంకనుండి వచ్చు రోజను వంటి పదార్థమును కలిపి చేయునది యొక జాతి. ఏక్రిలిక్ అను కృత్రిమ పదార్థముతో చేయునది మఱియొక జాతి. అంటించిన గడియలోనే తీసినచో రెండును తేలికగానే వచ్చును. మాసములు గడచిన కొలది ఆ ప్రవాహము పల్లములలోనికి మఱింత దిగుచునే యుండును. ఏండ్లు గడచినచో రబ్బరు జాతి జిగురు గాలికిని వెలుతురునకును పసుపువన్నెకు మాఱి, తుదకు ఎండి పెళుసై పెచ్చులు కట్టును. అందుచేత క్రొత్తబొమ్మకు చీటీ ఊడదీయవలసిన దినము కొన్న దినమే.

జిగురు సంగతి యెఱిగిన పిమ్మట, ఎఱుగవలసినది ప్లాస్టిక్కు సంగతి. ఇది యెఱుగకయే బొమ్మలలో పెక్కు చెడుచున్నవి. మనము ఒక్క పేరుతో పిలుచు ప్లాస్టిక్కులో వేర్వేఱు గుణములు గల పదార్థములు అనేకములు కలవు. గట్టిగా, మెఱయుచు, క్రింద పడినచో టింగుమని మ్రోగి చిట్లునది సాధారణముగా పాలిస్టైరీను. చవుకరకపు కార్ల అద్దములు తఱచుగా దానివే. గట్టిదై యుండియు సులభముగా పగులనిది ఏ.బి.ఎస్.; డెన్మార్కువారి లెగో ఇటుకలు 1963నుండి దీనితోనే తయారగుచున్నవి. చేతికి మైనపు నునుపు తగులుచు, వంగినను విఱుగనివి పాలిథిలీను, పాలిప్రొపిలీనులు. నొక్కినచో మెత్తగా చర్మమువలె అణగెడి బొమ్మముఖములు, చేతులు పెక్కింట పి.వి.సి.వి. బొమ్మ అడుగున త్రిభుజములో అంకె యున్నచో పని సులువగును: 2, 4 పాలిథిలీను రకములు, 3 పి.వి.సి., 5 పాలిప్రొపిలీను, 6 పాలిస్టైరీను. అంకె లేనిచో, విడిభాగ మొకటి యున్నయెడల నీటిలో వేసి చూడవచ్చును. పాలిథిలీను, పాలిప్రొపిలీనులు తేలును, తక్కినవి మునుగును. లోపల డొల్లగా నున్న బొమ్మ ఏ పదార్థముతో చేసినదైనను తేలును గనుక, దానియందు ఈ పరీక్ష చెల్లదు.

ఈ భేదమును తెలిసికొనుటకు మన యిండ్లలోనే చక్కని ఉదాహరణ మొకటి కలదు. స్త్రీలు నుదుట పెట్టుకొను స్టిక్కరు బొట్టు వెనుకనున్నదియు ఈ కుటుంబపు జిగురే. రాత్రివేళ తీసి అద్దముమీద అంటించిన బొట్లు, స్నానపుగది పలకలమీది బొట్లు, వాని నల్లని వలయములు చూడని యిల్లు తెలుగునాట అరుదు. అద్దముమీది ఆ వలయమును గోళ్ళరంగు తుడుచు ద్రవముతోనో, థిన్నరుతోనో ఒక్క తుడుపున పోగొట్టిన యువతి, అదే దూదిని తన చెల్లెలు బొట్టు పెట్టిన బొమ్మ నుదుటికి తాకించినచో, మఱునిమిషమున బొమ్మ నుదురు మసకబాఱి, వ్రేలిముద్ర పడునంత మెత్తనగుట కననగును. గాజును ఆ ద్రవములేవియు తాకలేవు. అసిటోను గల గోళ్ళరంగు ద్రవము పాలిస్టైరీనును, ఏ.బి.ఎస్.ను కరగించును, పాలిప్రొపిలీనునకు దానివలన పెద్ద హాని లేదు. జిగురును కరగించు ద్రవమునకు, జిగురును బోలిన అణునిర్మాణము గల ప్లాస్టిక్కును గూడ కరగించు శక్తి యుండును. రసాయనశాస్త్రపు ఈ చిన్న నియమమును బాలురకు చూపదలచినవారు, పచ్చి నారింజతొక్కను వంచి దాని చెమ్మను థర్మకోలు ముక్కపై చిమ్మునట్లు పిండి చూడవచ్చును. థర్మకోలు పాలిస్టైరీనే గనుక, తొక్కలోని తైలమునకు అది గుంటలు పడును. ‘నారింజ సుగంధముతో’ అని వ్రాసి అమ్మెడు జిగురుమందులను అన్ని బొమ్మలకును పూయరాదనుటకు ఇంతకంటె ప్రమాణ మక్కఱ లేదు.

ఇక పనిలోనికి దిగుదము. బ్యాటరీల బొమ్మయైనచో బ్యాటరీలు తీసివేసి, నీటిలో ముంచు ఆలోచన మానుకొనవలెను. మొదటి యత్నము పొడిగానే సాగవలెను. చీటీ మూలను గోటితో లేపి, పైకి నిటారుగా లాగక, వెనుకకు మడచి, ప్లాస్టిక్కు తలమునకు అంటియంటనట్లు నెమ్మదిగా లాగవలెను. తొందరపడినచో జిగురు బిగియును, కాగితము చినుగును. మూల లేవనిచో, వేడినో చలినో ఆశ్రయింపవలెను. రెండును సహాయకములే గాని రెంటి ఫలమును ఒక్కటి కాదు. తల ఆరబెట్టుకొను డ్రైయరు గాలినో, వేడినీట ముంచి పిండిన గుడ్డనో కొంతసేపు తగిలించినచో జిగురు మెత్తబడి కాగితము సులభముగా లేచును. అయితే మెత్తబడిన జిగురు నడుమకు చీలి, సగము కాగితముతో వచ్చి సగము బొమ్మమీదనే నిలుచును. ఫ్రీజరులో ఒకటి రెండు గంటలుంచిన బొమ్మ సంగతి వేఱు. అచ్చట జిగురు గట్టిపడి, ప్రవహించు గుణమును కోల్పోవుటచే, ముఖ్యముగా ప్లాస్టిక్కు పొర గల చీటీలు జిగురుతో సహా ఒక్క తునకగా ఊడివచ్చుట కలదు. ఈ రెండవ ఉపాయమును మనవారు తగినంతగా వాడుకొనుట లేదని నా అభిప్రాయము. చల్లబడిన పాలిప్రొపిలీను పెళుసెక్కును గనుక, ఫ్రీజరునుండి తీసిన బొమ్మను క్రింద పడవేయకుండిన చాలును. వేడి విషయమున జాగ్రత్త అంతకంటె అవసరము: చేయి ఓర్వగల వేడిమికి మించరాదు, పాలిస్టైరీనైనను ఏ.బి.ఎస్. ఐనను నూఱు డిగ్రీల దరిదాపుల రూపు కోల్పోవును, పలుచని భాగములు అంతకు ముందే వంకరపోవును.

కాగితపు చీటీ పైన మెఱుగుపొర యున్నచో నీరు లోనికి దిగదు. ఆ పొరను గోటితో గీతలు గీతలుగా గోకి, సబ్బునీటి గుడ్డ కప్పి యుంచినచో, కాగితము గుజ్జై వ్రేలి రాపిడికే రాలిపోవును. చాకు, బ్లేడు, పాత్రలు తోము ఇనుపపీచు దగ్గఱకు రానీయకుండుట మేలు. గీత పడిన ప్లాస్టిక్కునకు మెఱుగు మరల తెచ్చుట ఇంటి సామగ్రితో కాని పని. గోకుటకేదైన కావలసియున్నచో చెల్లని ఏటీఎం కార్డు అంచు చాలును.

కాగితము పోయి జిగురు మిగిలినది. మిగిలిన దానిని తీయుటకు మొట్టమొదటి సాధనము మఱియొక జిగురే యనిన ఆశ్చర్యము కలుగవచ్చును. పారదర్శకమైన టేపు ముక్కను మచ్చమీద అదిమి చటుక్కున లాగినచో, బొమ్మను వదలని జిగురు తన జాతియైన టేపునకు అంటుకొని వచ్చును. పలుమాఱులు ఇట్లు చేసిన పిదప పలుచని పొర మాత్రము మిగులును. దీనికి మన దేశమున దొరకు సులభమైన మందు కొబ్బరినూనె. రబ్బరు జాతి జిగురులోనికి నూనె మెల్లగా దిగి, దానిని ఉబ్బజేసి, ప్లాస్టిక్కుతో గల పట్టును సడలించును. అయితే దిగుటకు వ్యవధి కావలెను. పూసిన వెంటనే రుద్ది, ‘నూనె పనిచేయలేదు’ అని నిందించుట న్యాయము కాదు. నూనెలో తడిపిన దూదిని మచ్చమీద పఱచి, అరగంటయో గంటయో విడిచి, మెత్తని గుడ్డతో ఒకే దిక్కునకు తుడిచినచో జిగురు ఉండలు కట్టి వచ్చును. సంక్రాంతి దినముల ఉదయపుచలిలో కొబ్బరినూనె పేరుకొని యుండును గనుక (24 డిగ్రీల దరిదాపుల అది గడ్డకట్టును), సీసాను గోరువెచ్చని నీట నుంచి కరగించుకొనవలెను. నువ్వులనూనె, వేరుసెనగనూనెలును పనికివచ్చును. అవిసెనూనె మాత్రము తగదు, గాలికి ఆరి అదియే కొత్త జిగురుపొర యగును. పని ముగిసిన పిమ్మట నూనెను బొమ్మమీద విడువరాదు, అది ధూళిని పట్టును, కొన్నాళ్ళకు కనరువాసన కొట్టును. సెనగపిండి చల్లి రుద్దినచో జిడ్డును జిగురుతునకలను కలిపి పీల్చుకొనును. పిదప కుంకుడురసముతోనో, గిన్నెలు తోము ద్రవముతోనో కడుగవలెను. వంటసోడాను నూనెలో కలిపి రుద్దుటయు వాడుకలో నున్నది. అది మెత్తని పొడియే గాని, అద్దమువలె మెఱయు ప్లాస్టిక్కును మసకబఱచును. గఱుకుతలము గల బొమ్మలకు మాత్రమే దానిని నేను ఒప్పుకొందును.

నూనెకు లొంగని జిగురు సామాన్యముగా ఏక్రిలిక్ జాతిది. దానికి స్పిరిట్టు తగినది. 2020 తరువాత ప్రతి యింటను చేరిన చేతుల శానిటైజరులో ప్రధానద్రవ్యము అదియే. దూదికి కొలదిగా పట్టించి, మచ్చమీద కొన్ని క్షణములుంచి తుడువవలెను. అయితే బొమ్మ కన్నులు, పెదవులు రంగుతో అచ్చొత్తినవైనచో స్పిరిట్టు వానిని గూడ చెఱపును. జిగురు పోయి కన్నులును పోయినచో ప్రయోజనమేమి? కావున ఏ ద్రవమునైనను మొదట అరికాలియందో, అడుగుననో ఒక చుక్క తాకించి, ఐదు నిమిషములు ఆగి, దూదికి రంగు అంటినదా, తలము జిగటగా మాఱినదా యని చూచిన పిదపనే ముఖము జోలికి పోవలెను. నీలగిరి తైలము జిగురుమీద నూనెకంటె త్వరగా పనిచేయును, కాని పాలిస్టైరీనును నారింజతైలమువలెనే తినును. పైగా పసిపిల్లలు కొంచెము మ్రింగినను అది విషమే. దానిని వాడువారు సీసాను వెంటనే ఎత్తున భద్రపఱచి, బొమ్మను సబ్బుతో కడిగి, వాసన పోయిన పిదపనే పిల్లల కీయవలెను.

కిరసనాయిలు, పెట్రోలు, థిన్నరుల విషయమున ‘కొంచెముగా వాడవచ్చును’ అను మాటకు సైతము నేను సమ్మతింపను. అవి జిగురును తీయవని కాదు, చక్కగా తీయును. అయితే నోట పెట్టుకొను వస్తువుకు వానిని పూయుట యొక తప్పు, పని నడుమ మూత తీసిన సీసాను నేలపై నుంచుట అంతకు మించిన తప్పు. మన దేశమున పసిపిల్లలు పొరపాటున త్రాగు విషద్రవములలో కిరసనాయిలు పేరెన్నికగన్నది. అది కడుపులోనికంటె ఊపిరితిత్తులలోనికి జాఱుటవలన ప్రమాదము. అట్లు త్రాగిన బిడ్డకు వాంతి చేయింపక తక్షణమే ఆసుపత్రికి కొనిపోవలెను. వాంతి చేయించినచో అది మఱల ఊపిరితిత్తులకు చేరు అవకాశము కలదు.

జిగురంతయు పోయినను ఆ చోటు వేఱువన్నెగా కనబడుట కొన్ని పాతబొమ్మలలో కలదు. అది మిగిలిన జిగురు కాదు. ఏండ్లతరబడి వెలుతురు తాకి చుట్టును పసుపెక్కగా, చీటీ క్రింది భాగము మాత్రము తొలిరంగును నిలుపుకొన్నది. ఎంత రుద్దినను ఆ భేదము పోదు. ఇక దూదిని పాఱవేయవచ్చును. మెత్తని పి.వి.సి. ముఖముమీద నెలలకొలది నిలిచిన ఎఱ్ఱబొట్టు రంగు సైతము పైపై మరక కాదు, పదార్థములోనికే ఇంకి యుండును. బొమ్మలు సేకరించు విదేశీయులు దీనికి మొటిమల మందైన పది శాతపు బెంజాయిల్ పెరాక్సైడు లేపనమును పూసి ఎండలో నుంచుదురు. మరక దినదినమునకు వెలియును గాని, ప్రక్కనున్న బుగ్గల యెఱుపును వెలియును.

అన్ని చీటీలను ఊడబెఱుకవలెనన్న నియమమును లేదు. పందెపుకారు ప్రక్కల మీది అంకెలు, చారలు కర్మాగారములోనే అంటించినవి. అవి పోయినచో బొమ్మ బోసిపోవును, పాతబొమ్మలు కొనువారు వెలయు తగ్గింతురు. 2021 జనవరి 1 నుండి మన దేశమున అమ్ము బొమ్మలకు తప్పనిసరియైన ఐ.ఎస్.ఐ. ముద్రను మాత్రము కొనునపుడు చూచుకొనినచో చాలును. అది చీటీరూపమున బొమ్మమీదనే యున్నచో, ఇంటికి వచ్చిన పిదప తీసివేయుటకు అడ్డు లేదు. మూడేండ్లలోపు పిల్లలున్న యింట, సగము లేచిన చీటీ ఏదైనను తీసివేయుటయే క్షేమము, అది నోటిలోనికి పోవును.

చీటీయే లేని చోట బొమ్మ జిగటగా తగులుచున్నదని కొందఱు వాపోవుదురు. మెత్తని పి.వి.సి.ని మెత్తగా నుంచుటకు కలిపిన ద్రవము కాలక్రమమున పైకి చెమర్చుటయే దానికి కారణము. 1959లో వెలువడిన బార్బీ బొమ్మల తొలితరమువానికిని ఈ వ్యాధి తప్పలేదు. సబ్బునీట కడిగి, ఆరబెట్టి, టాల్కం పొడి అద్దినచో కొన్ని మాసములు శాంతించును, మఱల వచ్చును. ఆ ద్రవమే, పెట్టెలో ప్రక్కనానుకొని యున్న గట్టి పాలిస్టైరీను బొమ్మను సైతము మెత్తబఱచి, ఆనిన చోట గుంట వేయును. కాబట్టి కొలువు ఎత్తి బొమ్మలను మరల అటక ఎక్కించునపుడు, మెత్తనివానిని గట్టివానితో కలుపక, ఒక్కొక్కదానిని పాత నూలుచీర ముక్కలో చుట్టి, వేఱు పెట్టెలో ఉంచవలెను.